రెండో పాసేజీ సుప్రజది

జూన్ 2, సోమవారం
తీర్మానం! నేటి నుంచి రోజుకో జంట పాసేజీ. ఒకే విషయం మీద ఇద్దరు రచయితలు చెరో మాట చెబుతారు. వాళ్ళకి ఎక్కడ కుదిరింది, ఎక్కడ చెడింది అని అడుగుతారు. పోయినసారి ఎంబీఏ ఎంట్రన్స్‌లో నన్ను ముంచినవి ఇవే. ఈసారీ సీటు రాకపోతే మల్కాజ్‌గిరిలో పెదనాన్న జిరాక్స్ షాపులో కూర్చోవాలని నాన్న తీర్పు. కూర్చోను!
కోచింగ్ సార్ సూత్రం: మొదటిది చదివి దాని ప్రశ్నలు చెయ్యి. తర్వాత రెండోది. ఆఖరున రెండూ కలిపి.
క్యాంపస్ లైబ్రరీ, ఫ్యాను కింద సీటు. ఒక సెట్ పూర్తి. ఇంత తేలికా?

జూన్ 4
రెండోదానికి వచ్చేసరికి మొదటిది మరిచిపోతున్నాను. హాస్టల్ రూమ్మేట్ సుప్రజదీ అదే పరీక్ష, అదే జబ్బు.
"కంబైన్డ్ స్టడీ చేద్దామే ప్రవళికా. మొదటిది నువ్వు చదివి నాకు చెప్పు, రెండోది నేను చదివి నీకు చెప్తా. సగం టైము మిగులుద్ది."
"ఇన్ని దినాలు గీ ఐడియా ఏడ దాచినవే!"
మిగిలిన టైములో తార్నాకలో మిర్చి బజ్జీ. ఒకే ప్లేటు, ఇద్దరం.

జూన్ 7
అద్భుతం! టౌన్లో తేనెటీగలు పెంచాలన్నాయన నా వాటా. వద్దన్నాయన సుప్రజ వాటా.
"మీ ఆయన మెతకే. మా ఆయన ఊరుకోడు" అంది సుప్రజ. పక్క టేబుల్ పీహెచ్‌డీ అన్న తలెత్తి చూశాడు.

జూన్ 11
వాన. రూములోనే, పడుకుని చేశాం. సుప్రజ చదవకుండానే చెబుతోందని అనుమానం. నేనూ మొదటి పేరానే చదివాను, అది వేరే సంగతి.

జూన్ 12
రెస్టు. మెదడుకీ కావాలి కదా.

జూన్ 15, ఆదివారం
మాక్ టెస్ట్. మొదటి పాసేజీ గబగబా చదివేసి, అలవాటుకొద్దీ పక్కకు తిరిగాను. ఎవరో గడ్డం అబ్బాయి! రెండోది ఎంత చదివినా ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ రెండో ఆయన తరఫున మాట్లాడే పని ఎప్పుడూ సుప్రజదే. మార్కులు చెప్పుకునేలా లేవు.
బస్టాప్‌లో సుప్రజ మండిపడింది. "నీ వల్లే! మొదటిది నాకు తలకెక్కితేనా?"
"పంచుకుందామన్నది ఎవరే? నేనా?"
వేర్వేరు ఆటోల్లో హాస్టల్‌కి.

జూన్ 16
సుప్రజ నన్ను పిలవకుండానే టిఫిన్‌కి వెళ్ళిపోయింది. నాన్న ఫోన్. "చదువు మంచిగ నడుస్తున్నదా బిడ్డా? నీ కోసం పెద్దబాపు షాపుల తిరిగే కుర్చీ ఏయించిండు."
ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

జూన్ 17
సుప్రజ వచ్చి నా మంచం మీద కూర్చుంది. అచ్చం సార్ గొంతుతో అడిగింది.
"ప్రవళిక, సుప్రజ. వీళ్ళిద్దరూ ఒప్పుకునే విషయం ఏది?"
"ఇద్దరూ సగమే చదివిన్రు సార్."
నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. అసలు పరీక్షకి ఇంకా టైముంది.
తీర్మానం! రేపటి నుంచి రెండు పాసేజీలూ నేనే చదువుతాను. లైబ్రరీలో అది ఆ చివర, నేను ఈ చివర. ఆ కుర్చీ ఖాళీగానే తిరగాలి.
సాయంత్రం తార్నాకలో బజ్జీలు కూడా రెండు ప్లేట్లు చెప్పాం, ఎవరిది వాళ్ళకే. దాని ప్లేటులోంచి ఒక్కటే తీసుకున్నాను.