పీకే పనిలేని బోర్డు

అక్కా,

నువ్వు వెతికి వెతికి విసిగిపోయిన ఎఫ్‌పీజీఏ బోర్డు దొరికింది. అలమారలో ఇస్త్రీపెట్టె వెనక పెట్టాను. నువ్వు అనుకున్న ధరలోనే వచ్చింది. రెండు అంచుల్లోనూ సాకెట్లున్నాయి, తెరో స్పీకరో తర్వాత తీరిగ్గా తగిలించుకోవచ్చు. పాత అడాప్టర్ మాత్రం పెట్టకు. దీని పిన్నులు ఐదు వోల్టులు తట్టుకోలేవు, నీ చేతికేమో ఇంకా ఆ ఐదే అలవాటు.

చిన్నప్పుడు మనిద్దరికీ కలిపి ఒకే ఒక్క టైమర్ చిప్ ఉండేది, గుర్తుందా? నానమ్మ మనల్ని పిలవడానికి మంచం పక్కన నువ్వు బెల్లు కట్టావు. నా పరుగెత్తే దీపాలకీ ఆ చిప్పే కావాలి. ఒకటి వెలగాలంటే ఇంకోటి మూగబోవాల్సిందే. ఇందులో ఆ గొడవే లేదు. లోపలి సర్క్యూట్‌ని ఎన్నిసార్లైనా చెరిపి కొత్తది రాసుకోవచ్చు, పాతది కంప్యూటర్లో భద్రంగా ఉంటుంది.

ముందు ఆ బెల్లే కట్టు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మోగాలి.

తమ్ముడు

ఇంకోమాట. ఆ రోజు నీ బెల్లులోంచి చిప్ పీకింది నాన్న కాదు, నేను. నువ్వు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. నేనేనని తెలిసీ ఆయన నోరు మెదపలేదు.