డ్రెంచ్ అంటే తాగించడం

మామిడిపల్లి
28 ఆగస్టు 2011

కళ్యాణి డాక్టరమ్మకు నమస్కారం.

పదహారు రొట్టెలు, మూడు బకెట్ల కుడితి, రెండు దండేల బట్టలు అయ్యాక ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

పోయిన నెల మా చూడి బర్రెకు కడుపు ఉబ్బిన రోజు మీరు రాజేంద్రనగర్ నుంచి వానలో తడుస్తూ వచ్చారు. మా ఇంటాయన అలవాటుగా దాని మూతి పైకెత్తి, వెదురు గొట్టంతో మందు గబగబా పోయబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"జర ఆగన్నా! గట్ల ఎత్తితే మందు ఊపిరితిత్తులల్లకు పోతది. బర్రె దక్కదు."

సీసా మీది ఇంగ్లీషు చదివి మా అమ్మాయి పూర్ణిమ అడిగింది: "డ్రెంచ్ అంటే తడిసి ముద్దగుడు కదా మేడమ్?"

మా ఊరి మీదుగా పోతున్న విమానం మోత తగ్గేదాకా ఆగి మీరు చెప్పారు. "పాత ఇంగ్లీషుల తాగించుడు అని అర్థం బిడ్డా. డ్రింక్ అనే మాటకు చుట్టం. తడుసుడు అనేది తర్వాత వచ్చింది."

"అయితే బర్రె కన్న ముందు మనమే తాగినం" అన్నాడు మా ఇంటాయన, అంగీ పిండుకుంటూ.

మందు పోయడం మన పని అనే ఇన్నేళ్లూ అనుకున్నాం. తాగాల్సింది బర్రె అని ఆ మాటతో తెలిసింది. మిగిలిన రెండు మోతాదులూ నేనే పట్టాను. మూతి సమంగా ఉంచి, అది గుటక వేసేదాకా ఆగి, మళ్లీ కొంచెం పోశాను.

మొన్న ఈనింది. పెయ్యదూడ, తల్లీ బిడ్డా బాగున్నాయి.

ఆ రోజు మీరు ఫీజు ముట్టలేదు. దక్కించింది రెండు ప్రాణాలు కాబట్టి ఆయనతో రెండు సీసాల జున్నుపాలు పంపుతున్నాను. మీకు మేం పడ్డ బాకీ తీరిందని రాసుకుంటున్నాను.