రెండోసారి తిప్పిన తాళం

సోమవారం

ప్రియమైన అన్నయ్యకు,

క్షేమంగా చేరాను. గది చిన్నదే. కిటికీ తెరిస్తే ప్రదర్శనశాల వెనక గేటు కనిపిస్తుంది. పొద్దుటి నుంచి లారీలు వరస కట్టి నిలబడే ఉన్నాయి. లోపల ఇంకా కార్లు లేవు, నేల మీద పసుపు టేపు గీతలూ అంకెలూ మాత్రమే. మన స్టాలు నూట పద్నాలుగు. అటు టైర్ల వాళ్లు, ఇటు సీటు కవర్ల వాళ్లు. నిచ్చెన మీదున్న వడ్రంగి "మీరేం అమ్ముతారండీ?" అని అడిగాడు. సైలెన్సర్లన్నాను. "అయితే గొడవలేని స్టాలన్నమాట" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కాలేజీలో తర్కం చెప్పుకునేదాన్ని, సెలవు పెట్టి వచ్చి గొట్టాల గురించి మాట్లాడగలనా అని రైలెక్కినప్పటి నుంచీ గుబులే.

అసలు చిక్కు వేరే ఉంది. హాల్లో ఏ ఇంజనూ స్టార్ట్ చెయ్యకూడదట. బండి లోపలికి రాగానే బ్యాటరీ తీగ పీకేస్తారట. మరి మన సైలెన్సర్ చప్పుడు చెయ్యదని ఎలా చూపించను? ఇక్కడ ఏ బండీ చప్పుడు చెయ్యదు కదా!

నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. షెడ్డులో గోల, ఉత్తరమే రాయమన్నావు గనక రాస్తున్నాను. రోజు విడిచి రోజు సామానుతో వచ్చే మన వ్యాన్ డ్రైవరుకే ఇస్తున్నాను. బస్సులు కట్టే కంపెనీ ఆఫీసరు మొదటి రోజే వస్తాడని, ఆయన తల ఊపకపోతే షెడ్డు మూసేస్తానని అన్నావే, ఆ మాట వదలడం లేదు. నిజంగానే అన్నావా?

నీ చెల్లి

*

బుధవారం

ఒసేయ్ సందేహాలమ్మా,

అన్నాను, నిజంగానే. ఆరుగురు పనివాళ్లని ఎన్నాళ్లు ఊరికే కూర్చోబెడతా చెప్పు? కానీ మూసేదాకా రాదులే. ఈ సైలెన్సర్ నా చేతిలోంచి వచ్చినవాటన్నిటికీ తాత.

ఇంజను స్టార్ట్ చెయ్యకపోతే ఏం? కథ చెప్పు. మొన్న, ఇది బిగించి ఉన్న మన వ్యాను తాళం తిప్పా. ఏమీ వినబళ్లా. స్టార్టవలేదేమో అని మళ్లీ తిప్పా. అప్పటికే ఇంజను నడుస్తోందే! కిర్రుమని చేతికి తగిలాక గానీ తెలీలేదు. ఈ ఒక్క ముక్క చెప్పావంటే జనం నోరెళ్లబెడతారు. బోర్డు కూడా పంపిస్తున్నా చూడు: "చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది!" ఎలా ఉంది? నీ చదువంతా పెట్టినా ఇలాంటి ముక్క రాయగలవా?

ఇంట్లో అంతా ప్రశాంతం. మీ వదినకి వయసుతోపాటు వినయం వచ్చింది, ఈమధ్య అన్నీ గొణుగుతోంది. పనివాళ్లు కూడా కొట్టుకోవడం మానేశారు. తలుపు గంట మాత్రం పాడైంది. రెండుసార్లు మార్చినా మోగట్లేదు.

బెంగపడకు. నేను చెప్పినట్టు చెప్పు చాలు.

అన్నయ్య

*

శుక్రవారం

ప్రియమైన అన్నయ్యకు,

బోర్డు గోడకి ఎక్కింది. కింద నిలబడి చదువుకుంటుంటే టైర్ల ఆవిడ మెచ్చుకుంది. నీ కథ కూడా చెప్పాను, నవ్వింది. అంతవరకూ బాగానే ఉంది.

నిన్న ఇక్కడి వాళ్లొక కార్డు ఇచ్చారు. శబ్దం గురించి గొప్ప చెప్పుకునే సరుకు ఏదైనా సరే, కొలిపించి ఆ అంకె కార్డు మీద రాసి పెట్టాలట. మైదానం వెనక రేకుల కొట్టంలో కొలుస్తున్నారు. వ్యాను తీసుకెళ్లాను. గొట్టం చివరికి అర మీటరు దూరంలో మైకు పెట్టి చప్పుడు డెసిబెల్స్‌లో కొలిచారు. ఎనభై ఎనిమిది. మా వెనక కూరగాయలు తోలే మామూలు వ్యానుంది, దానిది ఎనభై ఆరు.

నేనే తప్పు చోట నిలబెట్టానేమోనని మళ్లీ కొలవమన్నాను. మూడోసారి అడిగేసరికి కొలిచే ఆయన "ఏమ్మా, యంత్రంతో బేరమాడుతున్నారా?" అన్నాడు. అదే ఎనభై ఎనిమిది. యంత్రం సంగతి వదిలెయ్యి. నాకు కూడా వినిపించింది అన్నయ్యా, బాగా వినిపించింది. నా చెవే తప్పేమో అని కూడా అనుకున్నాను. నా సంగతి నీకు తెలుసుగా.

తిరిగొస్తూ డ్రైవరుని అడిగాను. స్టీరింగు తుడుస్తూ చెప్పాడు: "ఆయన రోజూ అంతేనండీ. నడుస్తున్న ఇంజనుకే మళ్లీ తాళం తిప్పుతారు. గేరు పళ్లరిగిపోయి ఈ ఏడాదిలో రెండు స్టార్టర్లు మార్చాం." ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "ఆయన ముందు నోరెత్తగలమా అండీ" అన్నాడు.

నువ్వు సైలెన్సర్ బండికి కాదు, చుట్టూ ఉన్న మనుషులకి బిగించావనిపిస్తోంది.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. మనిద్దరం ఫోన్లో ఆఖరిసారి మాట్లాడింది ఎప్పుడు? నాకు గుర్తు రావడం లేదు. వదిన నిజంగా గొణుగుతోందా?

నీ చెల్లి

*

ఆదివారం

అన్నయ్యకు,

వ్యాను వచ్చింది. అట్టపెట్టెలూ మేకులూ దించాడు, ఉత్తరం లేదు. "ఏమైనా ఇచ్చారా?" అంటే తల అడ్డంగా ఊపి, "చదివారండీ. షెడ్డులోకెళ్లి లోపల గడియ పెట్టుకున్నారు" అన్నాడు.

గురువారం తలుపులు తీస్తారు. పక్క స్టాళ్లలో కార్లు దిగుతున్నాయి, పాలిష్ వాసనకి తలనొప్పి. బోర్డు మీద గుడ్డ కప్పాను. సాయంత్రం తీశాను. మళ్లీ కప్పాను. సీటు కవర్ల ఆయన "ముహూర్తం కుదరలేదా?" అని వెక్కిరించాడు. అబద్ధమని తెలిశాక ఆ మాట కింద నిలబడలేను. దింపేస్తే నిన్ను నడివీధిలో పట్టుకుని నిలదీసినట్టుంటుంది. ఏం చెయ్యమంటావో ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

చెల్లి

*

మంగళవారం

ప్రియమైన చెల్లాయికి,

తిట్టను. తిడదామని రెండు కాగితాలు పాడుచేశాను.

నీ ఉత్తరం చదివి ఏం చేశానో చెప్తా. షెడ్డు మూలన చిల్లులు పడ్డ పాత సైలెన్సర్ ఉంది, మన నాన్న కాలం నాటిది. దాన్ని వ్యానుకి బిగించి ఇంజను స్టార్ట్ చేశా. అదీ వినబడలేదే. వీధి చివర దుకాణం వాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారట, నాకు మాత్రం చీమ కూడా చిటుక్కుమనలేదు. అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయా.

ఎడమ చెవి పోయి రెండేళ్లు. అది తెలుసు, దాచా. కుడిది ఎప్పుడు మొదలైందో తెలీదు. రోజుకింత చొప్పున తగ్గితే మనిషి తన చెవిని అనుమానించడమ్మా, లోకమే మర్యాద నేర్చుకుందనుకుంటాడు. మీ వదిన గొణగట్లేదట. ఏడాదిగా అరుస్తోందట. నిన్న కాగితం మీద పెద్దక్షరాలతో రాసి చూపించింది. తలుపు గంటలు మూడూ మోగుతున్నాయట.

బోర్డు దింపెయ్. కార్డు మీద ఎనభై ఎనిమిదే రాయి. ఆఫీసరు అడిగితే అదే చెప్పు. కానీ ఇంకోటి కూడా చెప్పు. ఏడాదిగా నేను చెవితో కాదు, గొట్టం మీద అరచెయ్యి పెట్టి పని చేస్తున్నా, అదీ నాకే తెలీకుండా. చేతికి అదురు తగలడం ఆగేదాకా వెల్డింగ్ విప్పుతూ మళ్లీ అతుకుతూ ఉన్నా. అందుకే అది అదరదు. పాత సైలెన్సర్లని బండి కింద వేలాడదీసే రబ్బరు మూణ్ణెల్లకోటి తెగేది. దీనికి ఏడాదిలో ఒక్కటి కూడా తెగలేదు, డ్రైవరుని ఆయన ముందే నిలబెట్టి అడుగు. అది అబద్ధం కాదు. ఎగుడుదిగుడు రోడ్ల మీద తిరిగే బస్సులకి అదీ కావాలి. చాలదంటాడా, అననీ. అప్పుడు షెడ్డు సంగతి చూద్దాం.

దీంతో ఒక పెట్టె పంపిస్తున్నా. విప్పి భయపడకు. ఆ సైలెన్సర్‌కి జతగా చేసినదాన్ని గ్రైండరుతో నిలువునా కోసేశా. లోపలి అరలూ అతుకులూ జనం చూసుకుంటారు. వినిపించడం కుదరని చోట చూపించాలి కదా.

నిన్నే ఎందుకు పంపానో నాకిప్పుడు అర్థమవుతోంది. ఇక్కడందరూ "బాగుందండీ" అనేవాళ్లే. చిన్నప్పుడు నేను వాన వెలిసిందంటే, నువ్వొక్కదానివే కిటికీలోంచి చెయ్యి చాపి చూసేదానివి. మాట్లాడ్డానికే పంపాననుకున్నా. లోపలెక్కడో వినడానికే పంపానేమో.

రేపు పొద్దున చెవుల డాక్టరు రమ్మన్నాడు. చూపించుకుని మధ్యాహ్నం రైలెక్కుతా. ఆ వెనక గేటు దగ్గర దిగుతా. వెనక నుంచి పిలవకు. వచ్చి ఎదురుగా నిలబడు.

మీ అన్నయ్య