కిందికి తోసిన పని

తాంపెరె, బుధవారం

నర్సు టూలిక్కి గారికి,

"ముసలివాళ్లు సాయం కోసం నొక్కే చేతి అలారంలో బ్యాటరీ అయిపోతే మాకు తెలియడం లేదు" అని మీరు మార్చిలోనే రాశారు. మా సాఫ్ట్‌వేర్ పనుల జాబితాలో ఏది ముందో, ఏది వెనకో తేల్చేది నేనే. రెండు వారాలకోసారి జాబితా సర్దుతూ మీ పనిని కిందికే తోశాను.

నిన్న మీరు చూసుకునే పెద్దాయన వేయిక్కో గారు స్నానాలగదిలో పడి, అలారం మోగక, నాలుగు గంటలు అలాగే ఉండిపోయారట. తుంటి విరిగినా ప్రాణభయం లేదన్నారు. నిజమేనా?

పొద్దున దాన్ని అన్నిటికన్నా పైకి తెచ్చాను. "మరి సాఫ్ట్‌వేర్‌కి కొత్త రంగులేసే పని ఏమవుతుంది? అమ్మకాలవాళ్లు నన్ను తినేస్తారు!" అన్నాడు మా మేనేజర్ యార్మో. "ఇది కిందికి దించాలంటే ముందు నన్ను తీసెయ్యండి" అన్నాను.

శుక్రవారానికి సరిచేస్తాం. అంతవరకు దయచేసి ఇంటింటికీ వెళ్లి బ్యాటరీలు చూడండి.

ఎలాగూ పట్టించుకోరని మీరు రాయడం మానేసినవి ఇంకేమైనా ఉన్నాయా? రాయండి.