చచ్చిన చుక్కలు

మే 2004, శనివారం రాత్రి

కాళ్లు గుంజుతున్నయి. వండుకునే ఓపిక లేక అటుకులు నానేసుకొని తిన్న.

పొద్దున మొదటి గూడెంల ఒక చంటిపిల్ల ఒళ్లు కాలిపోతున్నది. జ్వరం మందు తాపి, పోలియో చుక్కల డబ్బాలకెల్లి ఐసు ప్యాకులు తీసి నుదుటి మీద పెట్టిన. దవాఖానాకు తీసుకపొమ్మని తల్లికి చెప్పి కదిలిన. వాగు దాటి రెండో గూడెం చేరేసరికి, ఐసు లేక డబ్బా వేడెక్కి, సీసా మీద వేడిని పట్టిచ్చే గుర్తు నల్లబడ్డది. ఇగ ఆ చుక్కలు పనికిరావు.

తల్లులంత తునికాకు కోతకు పోకుండ నా కోసమే కూసున్నరు. "వీటిల్ల ఉండేది బలం తీసిన పోలియో వైరస్. ఎండకు చచ్చిపోయింది, మళ్లొస్త" అన్న.

ఒక ముసలామె నవ్వింది. "రోగం చస్తే మంచిదే గదా నర్సమ్మా, నీకు గా ఏడుపు మొఖమేంది?"

అది బతికుంటేనే పిల్లల ఒళ్లు దాన్ని ఎదిరించుడు నేర్సుకుంటదని చెప్పిన. అవ్ అవ్ అని తలూపి ఆకుకు పోయిన్రు.

రేపు డాక్టర్ సారు తిడతడు. తిట్టనీ.

మందు చచ్చిందో బతికిందో సీసా మీది గుర్తు చెప్తది. వాగవతల ఆ చంటిదాని సంగతి నాకెవరు చెప్తరు?