రాహుకాలం గోల్

ఆదివారం.

ఒళ్ళు మండిపోతోంది. ఈ రోజు గెలిస్తే మా గుంటూరు ఫుట్‌బాల్ జట్టు పై డివిజన్‌కి వెళ్ళేది. మ్యాచ్ నాలుగున్నరకి. మా ఓనరు ఆటగాళ్ళను బస్సులోంచి దిగనివ్వలేదు. "రాహుకాలంరా, ఆరు దాటనివ్వండి" అన్నాడు. రెఫరీ కాసేపు చూసి, అవతలి జట్టే గెలిచిందని ప్రకటించేశాడు.

ఓనర్ని నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. కానీ ఆ బస్సు, బూట్లు అన్నీ మిర్చి వ్యాపారం చేసుకుంటూ ఆయనే కొనిచ్చాడు. ఆయన లేకపోతే జట్టే లేదు. ఏం మనిషో!

ఇంటికి రాగానే మా ఆవిడ, "ఇప్పటికైనా ఆ చొక్కా ఉతకనిస్తారా?" అంది. మొదటి మ్యాచ్ గెలిచిన రోజు వేసుకున్న చొక్కా అది. అదృష్టం పోతుందని ఇంతవరకూ నీళ్ళు తగలనివ్వలేదు.

"వద్దులే, వచ్చే ఏడు మళ్ళీ ఆడాలిగా" అన్నాను.