అఫ్షాన్ పేరులో చివరి అక్షరం

ముల్తాన్

టీవీలో పిల్లలకు ఉర్దూ అక్షరాలు నేర్పే బాజీ గారికి సలాం.

నాకు చదువు రాదు. ఈ ఉత్తరం మా వీధి మాస్టారి చేత రాయిస్తున్నాను. మా ఆరేళ్ల అఫ్షాన్ రోజూ మీ పాఠం చూస్తూ నాకూ నేర్పేది. "అమ్మీ, చుక్క మళ్లీ మర్చిపోయావ్! నీకంటే మన మేక నయం" అనేది. మీరు మీమ్ అక్షరం నేర్పిన వారమే జ్వరంతో పోయింది. ఆ తర్వాత క్రికెట్ పోటీలొచ్చి మీ పాఠాలు ఆగిపోయాయి.

దాని సమాధి దగ్గర పెట్టే చెక్క మీద పేరు నేనే రాస్తున్నాను. చివర్లో, మీమ్ తర్వాత వచ్చే నూన్ అక్షరం ఒక్కటే మిగిలింది. మాస్టారు చూపిస్తానన్నారు, నేనే వద్దన్నాను. మేమిద్దరం కూర్చున్న చోటే కూర్చుని, మీ పాఠంలోనే నేర్చుకుంటాను. నూన్ ఎప్పుడు చెబుతారో దయచేసి తెలియజేయండి.

ఇట్లు,
అఫ్షాన్ వాళ్లమ్మ